బానెట్‌పై బ్రేక్ ఆయిల్ ఒలికింది, రంగును కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: నాన్నగారు 1996లో కొన్న మారుతి 800లో బ్రేక్ ఆయిల్ పోస్తుండగా చేయి జారి బానెట్‌పై ఒలికింది, కంగారులో గుడ్డతో తుడిచేసరికి అరచేయంత మేర రంగు ఉబ్బి ముడతలు పడింది. విజయవాడలో బండి మొత్తానికి రంగు వేయించక తప్పదా?

జవాబు: బ్రేక్ ఆయిల్‌లోని గ్లైకాల్ ఈథర్లు అనే రసాయనాలు రంగు పొరను మెత్తబరుస్తాయి కనుక, తుడవకుండా వెంటనే నీళ్లు ధారగా పోయవలసింది. ఇప్పటికైనా సబ్బునీటితో కడిగి, నీడలో ఆరనివ్వండి. మెరుపు మాత్రమే తగ్గినచోట 2000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్నని గరుకు కాగితం), రబ్బింగ్ కాంపౌండ్ (రుద్ది మెరుపు తెచ్చే పేస్టు) సరిపోతాయి. ముడతలు పడినచోట మాత్రం రేకు వరకు గీకి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టించవలసిందే.

మరొక జవాబు: బండ్ల మరమ్మతు షాపులుండే ఆటోనగర్‌లో బానెట్ ఒక్కదానికే రంగు వేయించండి. ఇన్నేళ్ల ఎండకు (మన బెజవాడ ఎండ సంగతి తెలిసిందే) వెలిసిన రంగుతో కంపెనీ రంగు కోడ్ ప్రకారం కలిపిన కొత్త రంగు కలవకపోవచ్చు కాబట్టి, పెట్రోలు ట్యాంకు మూతను చూపించి దానికి సరిపోయేలా రంగు కలిపించండి.

ప్రశ్నించినవారు: కడిగాను. అంచుల్లో మెరుపే పోయింది. నడుమ మాత్రం రేకు కనబడుతోంది.