చర్చ: అమ్మాయిల స్టేట్ క్రికెట్ జట్టు ప్లేయర్‌ని తయారు చేస్తుందా, తయారైనవాళ్లను ఏరుకుంటుందా?

ఒంగోలు_లెఫ్టార్మ్
సీనియర్లకు నమస్కారం. జిల్లా అండర్-15 ఆడే అమ్మాయి కోసం అడుగుతున్నా. ఎడమచేతి స్పిన్. స్టేట్ ప్రాబబుల్స్‌లోకి (తుది జట్టుకు ముందు పిలిచే పెద్ద జాబితా) వెళ్తే అక్కడ ఆట నేర్పుతారా, లేక వచ్చినవాళ్లలో పదిహేను మందిని ఏరుకుని మ్యాచ్‌లకు తీసుకెళ్లడమేనా? రెండు, వయసు తేల్చే ఎముకల పరీక్ష ఎలా ఉంటుంది? మూడు, టెన్త్ పరీక్షలూ క్యాంపూ ఒకేసారి వస్తే ఏం చేస్తారు? నాలుగు, బ్యాటు హారో సైజా (పిల్లల పెద్ద సైజు), షార్ట్ హ్యాండిలా (పెద్దవాళ్ల సైజు)?

కడప_కట్టర్
నేర్పరు సార్, నేర్చుకునే పోవాల. స్టేట్ జట్టు ఇచ్చేది మ్యాచ్‌లు. గ్రూపులో 8 జట్లుంటే లీగ్‌లో 7 వన్డేలు, మళ్లీ 7 టీ20లు. ముంబయి, బెంగాల్ బ్యాటర్లకు పద్నాలుగుసార్లు బౌలింగ్ వేసే అవకాశం ఏ నెట్స్‌లో దొరుకుతుంది? మా కడప స్పిన్నర్ శ్రీచరణినే చూడండి. 2025 సీజన్ డబ్ల్యూపీఎల్ (మహిళల ప్రీమియర్ లీగ్) వేలంలో ఢిల్లీ 55 లక్షలు పెట్టే నాటికి ఆ పాప చేతిలో ఉండింది ఆంధ్ర జట్టు స్కోర్‌కార్డులే. ఏప్రిల్‌లో వన్డే అరంగేట్రం, జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి టీ20లోనే 4/12, నవంబరు 2 నాటికి ప్రపంచకప్‌లో 14 వికెట్లు.

సీమర్_సుబ్బు
అవన్నీ తర్వాత. అమ్మాయి ఏ బంతితో ప్రాక్టీస్ చేస్తోందో ముందు చెప్పండి. ఊళ్లలో అకాడమీల్లో అబ్బాయిలతో కలిపి మగవాళ్ల బంతే ఇచ్చేస్తారు. అది 156–163 గ్రాములు, చుట్టుకొలత 22.4–22.9 సెం.మీ. మహిళల బంతి 140–151 గ్రాములు, 21–22.5 సెం.మీ. స్పిన్నర్‌కి బరువు కన్నా చుట్టుకొలత ముఖ్యం. పెద్ద బంతికి చూపుడువేలు, మధ్యవేలు వెడల్పుగా పెట్టే అలవాటు పడ్డాక చిన్నది చేతికిస్తే ముందే జారిపోతుంది. ఫుల్‌టాస్ పడుతుంది. దాన్ని సరిచేద్దామని ఇంకాసేపు పట్టుకుంటే ఈసారి షార్ట్. సెలక్షన్ ట్రయల్స్‌లో పదో పన్నెండో బంతులు వేయిస్తారు, అందులో ఆరు ఇలా పోతే ఇంటికే.

కోచ్_మూర్తి_లెవెల్2
ఈ బంతి సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో గానీ. బోర్డు కోచింగ్ కోర్సు లెవెల్-2 పాసైనవాణ్ని, ఆ మాత్రం మాకూ తెలుసు. పెద్ద బంతితో వేస్తే వేళ్లకు, మణికట్టుకు బలం వస్తుంది. తర్వాత చిన్న బంతి ఆటబొమ్మలా తిరుగుతుంది. టోర్నీకి రెండు వారాల ముందు మార్చుకుంటే చాలు.

సీమర్_సుబ్బు
బలం కావాలంటే దానికి వేరే కసరత్తులున్నాయి గురువు గారూ. రిలీజ్ అలవాటు రెండు వారాల్లో మారుతుందా? పద్నాలుగేళ్ల పిల్లకు వేళ్లు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. పెద్ద బంతి అందక అరచేతిలోకి పెట్టుకుని వేస్తారు, తిప్పడం పోయి తోయడం మొదలవుతుంది. ఆ బంతి స్పిన్ అవ్వదు, నేరుగా వెళ్తుంది. బ్యాటర్ స్వీప్ కూడా చేయనక్కర్లేదు, లైన్‌లో నిలబడి కొట్టొచ్చు.

కోచ్_మూర్తి_లెవెల్2
నేరుగా వెళ్లే బంతికే టీ20లో ఎల్బీలు వస్తాయి, అది తెలుసుకోండి.

గల్లీ_గూగ్లీ
ఇద్దరూ కొట్టుకోకుర్రి. బ్యాటింగ్‌కు పెద్ద బంతి మంచిదే, బ్యాట్ మీదికి బరువుగ వస్తది, టైమింగ్ కుదురుతది. బౌలింగ్‌కు, కీపింగ్‌కు మాత్రం ఆడోళ్ల బంతే ఉండాలె. తేలిక బంతి పిచ్ దాటినంక గాల్లో ఊగుతది, పెద్ద బంతితో పెరిగిన కీపర్ చేతులు ముందే మూస్తది, కొనవేళ్లకు తగిలి జారుతది. ఒక్కటే బంతితో అందరికీ ప్రాక్టీస్ అంటే అది కోచింగ్ కాదు, పొదుపు.

సీమర్_సుబ్బు
అదీ మాట. మూర్తి గారూ, చూశారా?

కోచ్_మూర్తి_లెవెల్2
చూశాను. కీపింగ్ సంగతి ఎవరడిగారు ఇక్కడ?

పట్టాలమీద_పరుగులు
అసలు విషయం ఎవరూ ఎత్తట్లేదు. రైల్వేస్, అదే రైల్వే ఉద్యోగుల జట్టు. అండర్-15 జట్టు లేదు, అండర్-19 జట్టు లేదు, నేరుగా సీనియర్ జట్టే. రాష్ట్రాలు ఏళ్లకేళ్లు పెంచిన మొక్కను కాయలు కాసే టైముకి పీక్కెళ్తారు. ఇండియాకు ఆడిన రేణుక హిమాచల్ నుంచి, మేఘన, అంజలి శర్వాణి ఆంధ్ర నుంచి అలా వెళ్లినవాళ్లే. వన్డే ట్రోఫీలు రైల్వేస్ దగ్గర గుట్టలు పడ్డాయి. మధ్యలో ఢిల్లీ, బెంగాల్, 2024-25లో మధ్యప్రదేశ్ గెలిస్తే అదే వార్త అయింది.

బెజవాడ_బౌన్సర్
పీక్కెళ్లారు అనకండి, అన్నం పెట్టారు అనండి. 2021 దాకా సీనియర్ మహిళల మ్యాచ్ ఫీజు 12,500. పద్నాలుగు మ్యాచ్‌లూ ఆడినా లక్షా డెబ్బై ఐదు వేలు దాటదు, అదీ ఏడాది మొత్తానికి. తర్వాత 20,000 చేశారు. ఆ డబ్బుతో బూట్లు, బ్యాట్లు, ఫిజియో, ఇల్లు నడుస్తాయా? రైల్వే ఉద్యోగం అంటే నెల జీతం, ప్రాక్టీస్‌కి సెలవు. ప్రపంచకప్ తర్వాత ప్రతీక, రేణుక, స్నేహ్ రాణాలకు ఆఫీసర్ స్థాయికి ప్రమోషన్ కూడా ఇచ్చారు. ఇది లేకపోతే సగం మంది ఇరవై రెండేళ్లకే ఆట మానేసేవాళ్లు.

పట్టాలమీద_పరుగులు
అది పాత లెక్క బ్రదర్. 2025 డిసెంబరులో ఫీజు మారింది. వన్డేకి తుది జట్టులో ఉంటే రోజుకు 50,000, రిజర్వ్‌కి 25,000. టీ20కి 25,000, 12,500. జూనియర్ అమ్మాయిలకు రోజుకు 25,000. మీ లెక్కే వేయండి: 7 వన్డేలు మూడున్నర లక్షలు, 7 టీ20లు లక్షా డెబ్బై ఐదు వేలు. ఐదు లక్షల పాతిక వేలు. ఇంకా రైల్వేస్‌కి పరిగెత్తాల్సిన పనేంటి?

బెజవాడ_బౌన్సర్
గాయమైతే? ఆ సీజన్‌లో సున్నా. జీతం గాయమైనా వస్తుంది. మీ లెక్కలో అదొక్కటే తప్పిపోయింది.

హిమాలయ_హిట్టర్
రాష్ట్రం తయారు చేయగలదా అని కదా ప్రశ్న? హిమాచల్‌లోని ధర్మశాలలో 2009లోనే అమ్మాయిలకు రెసిడెన్షియల్ అకాడమీ పెట్టారు. రేణుక అక్కడే తయారైంది, హర్లీన్ పంజాబ్ నుంచి అక్కడికి వెళ్లింది. జనాభాలో మన పాత ఉమ్మడి జిల్లాలు రెండింటంత రాష్ట్రం. హాస్టల్, గ్రౌండు, జిమ్ ఒకే ఆవరణలో, పక్కనే చదువు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా బంతి వేయగలిగితేనే స్పిన్నర్ అవుతుంది. వారాంతం అకాడమీకి వెళ్లొచ్చే పిల్లకు వారంలో వంద బంతులు కూడా పడవు.

గల్లీ_గూగ్లీ
గదే నేను చెప్పేది. జిల్లాలల్ల ఏమున్నదని? మా గొంగడి త్రిష భద్రాచలం నుంచి సికింద్రాబాద్‌కు కుటుంబంతోని వచ్చినంకనే త్రిష అయింది. అండర్-19 ప్రపంచకప్ 2025ల 309 పరుగులు, 7 వికెట్లు, స్కాట్లాండ్ మీద 59 బంతులల్ల 110. ఫైనల్ల 3/15, మళ్ల 44 నాటౌట్. ఆ పిల్ల ఊర్లనే ఉంటే ఏ సెలక్టర్ చూస్తుండె? హైదరాబాద్ జట్టు అంటే హైదరాబాదే, మిగిలిన తెలంగాణ గ్యాలరీల కూసుంటది.

వైజాగ్_వైడ్
వైజాగ్ స్టేడియంలో మిథాలీ పేరుతో స్టాండ్ పెట్టారు, మన ఆంధ్ర కీపర్ రావి కల్పన పేరుతో గేటు పెట్టారు. గేటు పేరు బాగుంది, ఆ గేటులోంచి జిల్లాల అమ్మాయిలు లోపలికి వచ్చే దారి కూడా ఉండాలి కదా.

స్కోర్‌బుక్_శాస్త్రి
డొమెస్టిక్ అంకెలు చూసి మురిసిపోయేవాళ్లకు రెండు స్కోర్లు చెబుతా. 2017 నవంబరు, గుంటూరు, అండర్-19: కేరళ మీద నాగాలాండ్ 17 ఓవర్లు ఆడి 2 ఆలౌట్. అందులో ఒకటి వైడ్. 2025 జనవరి, ఆలూరు, అండర్-19: ముంబయి అమ్మాయి ఇరా జాదవ్ 157 బంతుల్లో 346 నాటౌట్, ముంబయి 563/3, మేఘాలయ 19 ఆలౌట్. ఇలాంటి మ్యాచ్‌లో గెలిచినవాళ్లకూ ఏం ఒరగదు. ఆ బౌలర్లు ఫీల్డ్ పెట్టడం కూడా నేర్చుకోరు. ప్లేట్ గ్రూపు (బలహీన జట్లది) విడిగా ఉండాల్సిందే.

కడప_కట్టర్
ప్లేట్‌లో ఆడితే ఎవరూ చూడరంటారా? కిరణ్ నవ్‌గిరే నాగాలాండ్ తరఫున అరుణాచల్ మీద 162 నాటౌట్ కొట్టాకే అందరి నోళ్లలో నానింది. ఆ ఏడే ఇండియా క్యాప్ వచ్చింది. తర్వాత మహారాష్ట్రకు వచ్చి పంజాబ్ మీద 34 బంతుల్లో వంద కొట్టింది.

స్కోర్‌బుక్_శాస్త్రి
ఆమె బయటి నుంచి వెళ్లిన ప్లేయర్. నాగాలాండ్ అమ్మాయి ఎవరు ఎదిగారో చెప్పండి. గెస్ట్ ప్లేయర్ ఓపెనింగ్‌కి వచ్చి ఇరవై ఓవర్లూ ఆడితే లోకల్ పిల్ల ఎనిమిదో నంబరులో ప్యాడ్లు కట్టుకుని కూర్చోవడమే. ఇంకోటి, రాజ్‌కోట్ లాంటి చోట ఎలీట్ (బలమైన జట్ల గ్రూపు) అంకెలు కూడా నమ్మలేం. 2024 డిసెంబరులో హర్యానా 389 కొడితే (షఫాలీ 115 బంతుల్లో 197) బెంగాల్ 49.1 ఓవర్లలో 390 ఛేజ్ చేసింది. ఆ పిచ్ మీద ఎవరి బౌలింగ్‌ని ఏం తూచుతారు?

బెజవాడ_బౌన్సర్
అదే షఫాలీ 2025లో ప్రపంచకప్ జట్టులో లేకపోతే హర్యానాకి టీ20లు ఆడుతూ ఉంది. సెమీస్‌కి పిలుపొచ్చింది, ఫైనల్లో 87, రెండు వికెట్లు. ఇంట్లో కూర్చుని ఉంటే బ్యాటు అంత తేలిగ్గా తిరిగేది కాదు. డొమెస్టిక్ జట్టు పని కొత్తవాళ్లను తేవడం ఒక్కటే కాదు, పాతవాళ్ల చెయ్యి తుప్పు పట్టకుండా చూడడం కూడా.

కోచ్_మూర్తి_లెవెల్2
ఎర్రబంతి (టెస్టుల్లాంటి రోజుల తరబడి ఆట) ఊసే లేదు మీకు. 2018 తర్వాత జోనల్ మూడు రోజుల మ్యాచ్‌లు ఆపేసి 2024 మార్చిలో పుణెలో మళ్లీ మొదలెట్టారు. ఈ మధ్యలో 2023 డిసెంబరులో మనవాళ్లు ఇంగ్లండ్ మీద 347 పరుగులతో టెస్టు గెలిచేశారు! అప్పటికి దేశంలో అమ్మాయిలెవరికీ నాలుగో ఇన్నింగ్స్ అరిగిన పిచ్ మీద బౌలింగ్ వేసే చోటే లేదు. స్పిన్నర్‌కి ఒక స్పెల్ పదిహేను ఓవర్లు పడితేనే యాక్షన్‌లో లోపం బయటపడుతుంది. ఎనిమిదో ఓవర్‌కి ముందుకాలు కూలుతుంది, భుజం పడిపోతుంది, బంతి లెగ్‌సైడ్ జారుతుంది. టీ20లో నాలుగు ఓవర్లకి అది కనపడదు.

సీమర్_సుబ్బు
ఈసారి మాత్రం ఒప్పుకుంటున్నా. బంతి విషయంలో కాదు.

స్కోర్‌బుక్_శాస్త్రి
ఒంగోలు గారికి రెండో దానికి జవాబు ఇంకా రాలేదు కాబట్టి: అండర్-15కి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీస్తారు, టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు లెక్క కడతారు. అమ్మాయిలకు అది 15 లోపు ఉండాలి. బర్త్ సర్టిఫికెట్ ఎంత నిజమైనా, తొందరగా ఎదిగిన పిల్లకు ఎముకల వయసు ఎక్కువ చూపించొచ్చు. అది మోసం కాదు, కానీ ఆ ఏడాది ఆడనివ్వరు. ఇదివరకు ఒకసారి తీశాక మరుసటి సీజన్‌కి ఆ అంకెకు 1 కలిపేసేవారు, 2025లో మళ్లీ తీయించుకునే వీలు కల్పించారు. ఫెయిలైతే అండర్-19కి సిద్ధం చేయండి, అంతేగానీ తేదీలు దిద్దించకండి.

ఒంగోలు_లెఫ్టార్మ్
థాంక్యూ శాస్త్రి గారూ. టెన్త్ పరీక్షల సంగతి?

గల్లీ_గూగ్లీ
పరీక్షలు ఎటూ ఉంటయ్. ఇంకో ముఖ్యమైంది ఎవరూ చెప్పలే. ఆడోళ్ల మ్యాచ్‌ల లోపలి సర్కిల్ 25 గజాలు, మగోళ్లకు 30. పవర్‌ప్లే అయినంక సర్కిల్ బయట నలుగురు ఫీల్డర్లే, ఐదుగురు కాదు. మీ అమ్మాయి అబ్బాయిలతోని మ్యాచ్‌లు ఆడుతుంటే లాంగాన్, డీప్ మిడ్‌వికెట్, స్క్వేర్‌లెగ్, కవర్, పాయింట్ అన్నీ వెనకకు పెట్టి బౌలింగ్ చేసుడు అలవాటైతది. స్టేట్‌కు పోతే ఒక ఫీల్డర్ తక్కువ. కవర్‌ను పైకి తెచ్చి ఆఫ్‌స్టంప్ బయట గాల్లోకి వేసి, కవర్ మీదుగ కొట్టమని ఆశ పెట్టాలె. రేపు నెట్స్‌ల మూడు కోన్లు పెట్టి ఇదొక్కటే వేయించుర్రి.

కోచ్_మూర్తి_లెవెల్2
ఆ కోన్లు పెట్టేటప్పుడు ఏ బంతితోనో కూడా చెప్పండి మరి.

సీమర్_సుబ్బు
మళ్లీ మొదలెట్టారా! 142 గ్రాముల దానితో సార్, తూచి మరీ.