లఘులోలకంతో జి విలువ 9.56 వచ్చింది: రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాయాలా, సర్దాలా?

మొదటి బల్ల (ప్రశ్న)

పెద్దలకు నమస్కారం. నేను ఈ సంవత్సరమే ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం ప్రధానాంశంగా బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో చేరాను. ఇంటర్మీడియట్ చదివిన రెండేళ్లలో ప్రయోగశాల తలుపు తెరిచి చూసింది పబ్లిక్ ప్రాక్టికల్స్‌కు ముందు నాలుగు రోజులు మాత్రమే. మిగిలిన కాలమంతా ఎంట్రన్స్ బిట్లతోనే గడిచిపోయింది. రికార్డు కూడా పై తరగతి వాళ్లది చూసి ఎత్తి రాసినదే. అందువల్ల వెర్నియర్ కాలిపర్స్ మీద లెక్కలు ఎన్నో చేసి ఉన్నా, ఆ పరికరాన్ని స్థిమితంగా చేతిలోకి తీసుకున్నది ఇక్కడికి వచ్చిన తరువాతనే.

గత వారం మా బృందం దారానికి గుండు వేలాడదీసి ఊపే లఘులోలకం ప్రయోగం చేసింది. చీల్చిన బిరడాలో దారం బిగించి, బిరడా అడుగు నుండి గుండు కొక్కేనికి వేసిన ముడి వరకు స్కేలుతో పొడవు కొలిచాము. 20 డోలనాలకు పట్టిన కాలం 60 సెంటీమీటర్ల దగ్గర 31.6 సెకన్లు, 70 దగ్గర 34.1, 80 దగ్గర 36.3, 90 దగ్గర 38.5, 100 దగ్గర 40.5 సెకన్లు వచ్చింది. ఒక డోలనానికి పట్టే కాలాన్ని టి అనుకుని, పొడవును నాలుగు పై స్క్వేర్‌తో గుణించి టి స్క్వేర్‌తో భాగించే సూత్రంలో వేస్తే గురుత్వ త్వరణం, అంటే జి, వరుసగా 9.49, 9.51, 9.59, 9.59, 9.63 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్, సగటు 9.56. పొడవుకూ టి స్క్వేర్‌కూ గ్రాఫ్ వేసి మూలబిందువు గుండా గీత గీస్తే, మొదటి రెండు బిందువులు గీతకు ఒక మిల్లీమీటరు పైన, చివరిది ఒక మిల్లీమీటరు కింద పడ్డాయి. పెన్సిలు మొద్దుబారిందేమో అనుకుని ఊరుకున్నాను.

పక్క బల్ల వాళ్లకు మాత్రం పుస్తకంలో ఉన్న 9.8 అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఎలా వచ్చిందని అడిగితే, ముందు జవాబు రాసుకుని, అక్కడి నుండి వెనక్కి లెక్కగట్టి కాలాలు నింపామని దాపరికం లేకుండా చెప్పారు. నా పొరపాటు ఎక్కడ ఉందో, దిద్దుకునే వీలు లేకపోతే రికార్డులో ఏమి రాయాలో దయచేసి చెప్పగలరు.

సెమిస్టర్ దాటినవాడు

చెల్లెమ్మా, నేను నిరుడు ఇదే గండం గట్టెక్కాను కనుక ఉన్న మాట చెబుతాను. ముప్పై మందికి పనిచేసే స్టాప్ క్లాకులు నాలుగు. ఉన్న రెండు గంటలలో ఒక గంట బల్ల దొరకడానికే సరిపోతుంది. మళ్లీ మొదటి నుండి చేస్తానంటే వచ్చే వారం ఫ్లైవీల్ (బరువైన చక్రం) ప్రయోగం పోతుంది. పరీక్ష రోజున వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు సూత్రం, పట్టిక, గ్రాఫ్ ఉన్నాయో లేదో చూసి, చివరి విలువ మీద వేలు పెట్టి, వైవాలో రెండు ప్రశ్నలు అడిగి పంపిస్తారు. చివరి విలువ 9.8 దగ్గర లేకపోతే ఆ రెండు ప్రశ్నలు ఆరవుతాయి. సర్దడం గొప్ప పని అని నేను అనను. అయితే సర్దనివాడు మా బ్యాచ్‌లో లేడు, సర్దినందుకు మార్కులు పోగొట్టుకున్నవాడూ లేడు.

పాత డిమాన్‌స్ట్రేటరు

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కళాశాలల ప్రయోగశాలల్లో నిలబడి పనిచేసి, పదవీ విరమణ చేసినవాణ్ణి. నీ ప్రశ్నకు జవాబు నీ పట్టికలోనే ఉంది. నీకు వచ్చిన అయిదు విలువలను మరొకసారి వరుసగా చదువు. అవి తక్కువగా ఉండటం ఒక సంగతి. పొడవు పెరిగేకొద్దీ అవి 9.8 వైపు జరుగుతూ ఉండటం అంతకంటే ముఖ్యమైన సంగతి. చెయ్యి వణికి వచ్చిన తేడా అయితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చేది. ఇలా ఒకే దిశలో, పొట్టి లోలకానికి ఎక్కువగా, పొడుగు లోలకానికి తక్కువగా తేడా వస్తున్నదంటే, ప్రతి కొలతలోనూ ఒకే నిడివి గల ముక్క ఏదో లెక్కలోకి రాలేదన్న మాట. రెండు సెంటీమీటర్లు మరచిపోతే 60లో అది పెద్ద భాగం, 100లో చిన్న భాగం.

ఆ ముక్క ఏమిటో నీ మాటల్లోనే ఉంది. ముడి వరకు కొలిచామన్నావు. లోలకం పొడవు అంటే వేలాడదీసిన బిందువు నుండి గుండు గురుత్వ కేంద్రం వరకు గల దూరం. అంటే దారం పొడవుకు కొక్కెం ఎత్తు, గుండు వ్యాసార్ధం కలపాలి. ఆ పెట్టెలో వెర్నియర్ కాలిపర్స్ పెట్టింది అందుకే, అలంకారానికి కాదు.

ఇప్పుడు గ్రాఫ్ సంగతి. గీత మూలబిందువు గుండానే పోవాలని నీకు ఎవరు చెప్పారు? పొడవు సున్నా అయితే కాలమూ సున్నా అన్నది సిద్ధాంతం. నీవు కొలిచింది లోలకం పొడవు కాదు, దారం పొడవు. మూలబిందువును పక్కన పెట్టి, నీ అయిదు బిందువులు ఎటు తీసుకుపోతే అటు స్కేలు ఆనించి గీత గీయి. రెండు కొసల బిందువులతో వాలు కట్టినా చాలు: 100 దగ్గర టి స్క్వేర్ 4.101, 60 దగ్గర 2.496, తేడా 1.605ను 40తో భాగిస్తే 0.0401 వస్తుంది. దానితో నాలుగు పై స్క్వేర్‌ను భాగిస్తే సెంటీమీటర్లలో 984, అంటే మీటర్లలో 9.84. నీవు మరచిపోయిన ముక్క అన్ని కొలతల్లోనూ ఒకటే కనుక వాలులో అది తనంతట తానే కొట్టుకుపోతుంది. గీతను వెనక్కి పొడిగిస్తే అది పొడవు అక్షాన్ని సున్నాకు ఎడమవైపు రెండు సెంటీమీటర్ల పైచిలుకు దూరంలో ఖండిస్తుంది. వెళ్లి ఆ గుండునూ కొక్కేన్నీ కొలిచి చూడు.

సర్దుబాటు విషయం కూడా చెప్పాలి. పై అబ్బాయి చెప్పిన ఇబ్బందులు నిజమే; నాలుగు గడియారాలతో ముప్పై మందిని నెట్టుకొచ్చిన బాధ నాకూ తెలుసు. అయితే ఎగ్జామినర్లు చూడరనుకోవడం పొరపాటు. స్టాప్ క్లాకు సెకనులో పదో వంతు వరకే చూపిస్తుంది. 31.6 సెకన్లలో ఆ పదో వంతు అటూ ఇటూ అయితే చాలు, జి విలువ 0.06 మేరకు కదులుతుంది. అటువంటి గడియారంతో 9.80, 9.80, 9.81, 9.80, 9.79 అని వరుసగా రాసి తెచ్చిన పట్టిక చూడగానే అది బల్ల మీద పుట్టినది కాదని తెలిసిపోతుంది. జవాబు నుండి వెనక్కి లెక్క కట్టేవాళ్లకు 9.8 తెలుసు గానీ, నిజమైన రీడింగులు ఎంత చెదరాలో తెలియదు. నేను వాళ్లకు మార్కులు కోయలేదు, కానీ వైవాలో గడియారం కనిష్ఠ కొలత ఎంత అని మాత్రం తప్పకుండా అడిగేవాణ్ణి.

అసలు 9.8 కూడా మనది కాదు. ప్రామాణిక విలువగా 1901లో నిర్ణయించినది 9.80665. భూమధ్యరేఖ దగ్గర సముద్రమట్టంలో అది 9.78, ధ్రువాల దగ్గర 9.83. మన తెలుగు ప్రాంతాల అక్షాంశంలో రావలసినది 9.78 చుట్టుపక్కలనే. ఈ తేడా తెలిసింది కూడా ఒక మనిషి సర్దకుండా ఉండటం వల్లనే. ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ రిషే 1672లో దక్షిణ అమెరికాలోని కయేన్‌లో పరిశీలనలు చేస్తూ ఉండగా, పారిస్‌లో సరిగా నడిచిన లోలక గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గడియారం పాడైందని తోసిపుచ్చకుండా, సెకన్ల లోలకం (ఒక్కో ఊపుకు ఒక సెకను పట్టే లోలకం) పొడవును ఎంత తగ్గించవలసి వచ్చిందో కొలిచి రాసి పెట్టాడు. న్యూటన్ 1687లో భూమి మధ్యలో ఉబ్బి ఉంటుందని వాదించినప్పుడు ఆ కొలత ఆయనకు పనికివచ్చింది.

చలిదేశంలో ల్యాబ్ అసిస్టెంటు

డిమాన్‌స్ట్రేటరు గారికి నమస్కారం. నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. చేస్తూ, మొదటి సంవత్సరం విద్యార్థుల ప్రయోగశాల తరగతి చూస్తున్నాను. ఇక్కడి పిల్లలూ తక్కువవాళ్లు కారు. విలువ తేడా వస్తే, కారణం అన్న చోట ‘మానవ తప్పిదం’ అని రెండు మాటలు రాసి చేతులు దులుపుకుంటారు. ఆ మాటను నేను ఎర్ర సిరాతో కొట్టేస్తాను, ఎందుకంటే ఏ మనిషి, ఏ కొలతలో, ఎంత తప్పాడో అందులో లేదు. రీడింగులు కల్పించి రాసినట్టు తేలితే మాత్రం విషయం మార్కులతో ఆగదు. దానిని పరీక్షలో కాపీ కొట్టడంతో సమానంగా చూస్తారు.

మీ పట్టికకు నేను ఇంకొక అనుమానాన్ని పెట్టి చూశాను. గుండును మరీ పక్కకు లాగి వదిలితే డోలనకాలం పెరిగి జి విలువ తగ్గుతుంది. పొట్టి లోలకాన్నీ పొడుగు లోలకాన్నీ ఒకే దూరం లాగితే పొట్టిదానికి కోణం ఎక్కువ కనుక, మీకు కనిపించిన వరుసే కనిపించవచ్చు. కానీ 10 సెంటీమీటర్లు లాగారనుకున్నా, 60 దగ్గర కోణం పది డిగ్రీల లోపే ఉంటుంది, దాని వల్ల జి తగ్గేది 0.35 శాతం. మీ విలువ అక్కడ మూడు శాతం తక్కువగా ఉంది. అంత తగ్గాలంటే దాదాపు 28 డిగ్రీలు లాగి వదలాలి; అంత ఊపితే మీకే తెలిసేది. కనుక ఆ అనుమానం నిలవదు.

లెక్క తప్పడం కూడా కాదు. డోలనాలు లెక్కపెట్టేటప్పుడు గడియారం నొక్కిన క్షణాన ‘సున్నా’ అనడానికి బదులు ‘ఒకటి’ అంటే, 20 అనుకున్నవి నిజానికి 19 అవుతాయి, జి విలువ 10.8 దాటిపోతుంది. నా తరగతిలో ఎవరికైనా 10.8 వస్తే నేను పట్టిక చూడకుండానే ఆ మాట అడుగుతాను.

ఒక్క సలహా. వాలు ద్వారా వచ్చిన 9.84ను చూసి 9.8 వచ్చేసిందని సంబరపడకండి. కాలంలో పదో వంతు సెకను అనిశ్చితి పెట్టుకుని రెండు కొసల బిందువులతో కట్టిన వాలుకు అనిశ్చితి 1.6 శాతం వస్తుంది, అంటే 9.84కు అటూ ఇటూ 0.16. ఆ పరిధిలో 9.78 ఉంది, 9.7 కూడా ఉంది. రికార్డులో ఆ 0.16ను కూడా రాయండి. గుండు కిందికి వచ్చి గరిష్ఠ వేగంతో దాటే చోట గోడ మీద సుద్దతో గీత గీసి, అది దాటినప్పుడు గడియారం నొక్కితే కాలం ఇంకా నిలకడగా వస్తుంది. కొసన ఆగినప్పుడు నొక్కితే ఆ ఆగిన క్షణం ఏదో కంటికి తేలదు.

మొదటి బల్ల

మాస్టారికీ, అన్నయ్యలిద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మధ్యాహ్నం విరామ సమయంలో మేడమ్ అనుమతి తీసుకుని గుండును కొలిచాను. వ్యాసం 2.00 సెంటీమీటర్లు, ముడి నుండి గుండు పైభాగం వరకు కొక్కెం 0.8, వ్యాసార్ధంతో కలిపి మొత్తం 1.8. పాత కాలాలలో ఒక్క అంకె కూడా మార్చకుండా, ప్రతి పొడవుకూ 1.8 కలిపి మళ్లీ లెక్క కట్టాను. 9.77, 9.75, 9.80, 9.78, 9.80 వచ్చాయి. గ్రాఫ్ వెనక్కి పొడిగిస్తే నాకు 2.2 వచ్చింది గానీ 1.8 రాలేదు, అది కూడా అనిశ్చితిలోనే పడుతుందని అనుకుంటున్నాను.

రికార్డులో మొదటి పట్టికను కొట్టివేయకుండా ఉంచి, దాని కింద రెండవ పట్టిక వేసి, గీత మూలబిందువు గుండా ఎందుకు పోలేదో నాలుగు వాక్యాలలో రాశాను. మేడమ్ చాలాసేపు చూసి, రికార్డులో కొట్టివేతలు లేకపోవడమే మొదటిసారి చూస్తున్నానని అని సంతకం పెట్టారు. మెచ్చుకున్నారో వెక్కిరించారో తెలియలేదు.

పాత డిమాన్‌స్ట్రేటరు

అయిదు విలువలూ 9.75కూ 9.80కూ మధ్య పడ్డాయంటే గడియారం నొక్కిన చెయ్యి మంచిది. 2.2కూ 1.8కూ మధ్య తేడా గురించి నీవు అనుకున్నది సరైనదే. 60 నుండి 100 వరకు గల బిందువులతో సున్నా దాకా గీతను పొడిగించడం అంటే, పెరట్లో నిలబడి వీధి గుమ్మానికి గురి పెట్టడం. 30, 40 సెంటీమీటర్ల దగ్గర కూడా రెండు రీడింగులు తీస్తే అది దగ్గరపడుతుంది.

సెమిస్టర్ దాటినవాడు

సరే, ఈసారికి నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. అయితే మాస్టారూ, ఫ్లైవీల్ ప్రయోగంలో దారం మేకు నుండి జారిపడిన క్షణం మాకు ఎప్పుడూ సరిగా దొరకలేదు. చక్రం మీద సుద్ద గీత ఎక్కడ పెట్టుకోవాలి?

పాత డిమాన్‌స్ట్రేటరు

దారం మేకు మీద కేవలం ఆనుకుని ఉండి, బరువు నేలను తాకబోయే స్థితిలో చక్రాన్ని ఆపి, అప్పుడు సూచికకు ఎదురుగా అంచు మీద గీత పెట్టుకోండి. ఆ తరువాత చుట్లు లెక్కపెడుతూ దారం చుట్టండి, సున్నా నుండి.