ఫైర్‌వాల్‌లో రెండో హార్డ్ డిస్క్ పెట్టి ప్రాక్సీ క్యాష్ నడపాలా, వద్దా?

ల్యాబ్ ఇన్‌ఛార్జి

అందరికీ నమస్కారం. మాది చిన్న ఊళ్లో డిగ్రీ కాలేజీ. ల్యాబ్‌లో 45 మిషన్లు, స్టాఫ్ రూముల్లో ఇంకో పదిహేను. లైన్ 100 ఎంబీపీఎస్ అని బిల్లులో ఉంటుంది గానీ, పొద్దున తొమ్మిదిన్నరకు మొదటి బ్యాచ్ కూర్చోగానే గూగుల్ పేజీ తెరుచుకోవడం కూడా గగనమే. పదకొండు దాటాక దానంతట అదే సర్దుకుంటుంది.

ఫైర్‌వాల్‌గా, అంటే కాలేజీ నెట్‌వర్క్‌కీ బయటి ఇంటర్నెట్‌కీ మధ్య కాపలాగా, వాడుతున్నది పాత ఐ3 డెస్క్‌టాప్. 4 జీబీ ర్యామ్, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, రెండు నెట్‌వర్క్ కార్డులు, మీద పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్. మొన్న స్టోర్ రూము సర్దుతుంటే సీలు తీయని 500 జీబీ హార్డ్ డిస్క్ దొరికింది. దాన్ని ఇందులో రెండో డిస్క్‌గా తగిలించి, స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ దాచుకునే క్యాష్ మొత్తం దాని మీదికి మళ్లిద్దామనుకుంటున్నా. ఒకరు దింపిన ఫైలు రెండోవాళ్లు అడిగితే బయటికి పోకుండా లోపలి నుంచే ఇస్తుంది కదా. పైసా ఖర్చు లేదు, ప్రిన్సిపాల్ గారు కూడా సరేనన్నారు. మీరైతే పెడతారా?

పాత మోడెమ్

నిస్సందేహంగా పెట్టండి. 512 కేబీపీఎస్ లైన్ మీద పాతిక మిషన్ల నెట్ సెంటర్ నడిపినవాణ్ణి. ఇంటర్ రిజల్ట్స్ రోజున ఆ ఊరి పిల్లలంతా మా దగ్గరే. పేజీలో బొమ్మలూ, హెడ్డింగులూ అన్నీ స్క్విడ్ నుంచి వచ్చేవి, మార్కులు మాత్రమే బయటి నుంచి. అది లేకపోతే ఆ రోజు నన్ను కొట్టేవాళ్లు.

పని చెబుతాను, రాసుకోండి. పీఎఫ్‌సెన్స్ కింద ఉన్నది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్. కొత్త డిస్క్‌కి పార్టిషన్ చేసి, ఫార్మాట్ చేసేటప్పుడే ఒక లేబుల్ పేరు పెట్టండి. మౌంట్ పట్టికలో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ఏ ఫోల్డరుకి తగిలించాలో రాసే ఫైలు) డిస్క్ నంబరు కాకుండా ఆ లేబులే రాయండి. కేబుళ్లు అటూ ఇటూ మారిస్తే నంబర్లు తారుమారవుతాయి, లేబుల్ మారదు. క్యాష్ సైజు డిస్క్ మొత్తం ఇచ్చేయొద్దు, 80 శాతం దగ్గర ఆపండి. ఇంకోటి, ఇది చాలామంది మర్చిపోతారు: స్క్విడ్ మామూలుగా 4 ఎంబీ దాటిన ఫైలును డిస్క్‌లో దాచదు. ఆ హద్దు పెంచకుండా 500 జీబీ పెట్టినా, 5 జీబీ పెట్టినా పెద్ద తేడా కనపడదు.

రాత్రి డ్యూటీ

పాత మోడెమ్ గారూ, మీ నెట్ సెంటర్ రోజులకి నా నమస్కారం. కానీ అప్పటి వెబ్ వేరు. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్, అంటే డేటాకి తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) పంపేదే. తాళం లేని హెచ్‌టీటీపీ సైటు తెరిస్తే క్రోమ్ "సురక్షితం కాదు" అని చూపించడం 2018 జులైలో మొదలైంది, ఆ తర్వాత మిగిలినవాళ్లూ మారిపోయారు. హెచ్‌టీటీపీఎస్‌లో ప్రాక్సీకి కనపడేది ఫలానా సర్వరుకి దారి ఇవ్వు అన్న మాట ఒక్కటే. లోపల పోయేది తాళం వేసిన పెట్టె. తెరవలేని పెట్టెలోంచి ఏం తీసి దాస్తుంది?

ఇక లెక్క. డిస్క్ క్యాష్‌లో ఏముందో తెలిపే పట్టిక అంతా ర్యామ్‌లోనే ఉంటుంది. 64 బిట్ మిషన్‌లో 1 జీబీ క్యాష్‌కి సుమారు 14 ఎంబీ ర్యామ్ అని స్క్విడ్ వాళ్లే చెబుతారు. 400 జీబీ ఇస్తే 5,600 ఎంబీ. ఈయన దగ్గరున్నది 4 జీబీ, అందులోనే ఫైర్‌వాల్ కూడా బతకాలి. ర్యామ్ చాలక డిస్క్ మీద స్వాప్ మొదలైతే ప్యాకెట్లు వెళ్లే దారి కూడా కుంటుతుంది. నెట్ వేగం పెంచుదామని పెట్టింది నెట్‌నే ఆపుతుంది.

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, ఫైర్‌వాల్ మీద క్యాష్ ఎందుకండీ?

పాత మోడెమ్

14 ఎంబీ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదా తమ్ముడూ. సగటు ఫైలు 13 కేబీ ఉంటుందనుకుని వేసిన లెక్క అది. పట్టికలో చోటు పట్టేది ఫైళ్ల సంఖ్యను బట్టి, వాటి సైజును బట్టి కాదు. 1 ఎంబీ కంటే చిన్న ఫైళ్లు డిస్క్ మీదికి వద్దు అని కనీస సైజు పెట్టేస్తే 1 జీబీలో పట్టేది మహా అయితే వెయ్యి ఫైళ్లు. పట్టిక కొన్ని వందల కేబీ దాటదు. అప్పుడు 400 జీబీకి కూడా 4 జీబీ ర్యామ్ హాయిగా సరిపోతుంది.

తాళం వేసిన పెట్టెల సంగతి ఒప్పుకుంటా. కానీ అన్నీ తాళాలేనా? విండోస్ అప్‌డేట్ ఫైళ్లు ఇప్పటికీ ఎక్కువగా మామూలు హెచ్‌టీటీపీ మీదే వస్తాయి. ఫైలు నిజమైనదో కాదో డిజిటల్ సంతకం చూసి మిషన్ తేల్చుకుంటుంది కాబట్టి వాళ్లకి ఆ తాళం అక్కర్లేదు. ఉబుంటు, డెబియన్ ప్యాకేజీలూ అంతే. అరవై మిషన్ల కాలేజీలో బరువంతా వీటిదే.

గళ్ల చొక్కా

ఇంత వాదన ఎందుకు? ఎస్‌ఎస్‌ఎల్ బంప్ ఆన్ చేయండి, మన సర్టిఫికెట్ అన్ని మిషన్లలో ఎక్కించండి, పెట్టెలన్నీ తెరుచుకుంటాయి 😎

ఆడిట్ అక్క

గళ్ల చొక్కా, నువ్వు ఆ మాట తమాషాకి అన్నావో నిజంగానే అన్నావో తెలియదు గానీ, చదివి ఎవరైనా చేసేస్తారని భయంగా ఉంది. అందుకే వివరంగా రాస్తున్నా.

బంప్ అంటే ప్రాక్సీ మధ్యలో నిలబడి, ప్రతి సైటుకీ తానే దొంగ సర్టిఫికెట్ తయారుచేసి ఇవ్వడం. పిల్లల మెయిల్ పాస్‌వర్డ్, ఫీజు కట్టే కార్డు నంబరు, స్టాఫ్ బ్యాంకు లాగిన్ అన్నీ ఆ ప్రాక్సీ మిషన్‌లో విప్పి కనపడతాయి. ఆ మిషన్ తాళంచెవి ఎవరి చేతికైనా చిక్కితే కాలేజీ మొత్తం చిక్కినట్టే. పైగా ఫోన్లలో చాలా పేమెంట్, బ్యాంకు యాప్‌లు తమ సర్టిఫికెట్ తప్ప వేరేది ఒప్పుకోవు, తెరుచుకోవడం మానేస్తాయి. మరుసటి రోజు నుంచి "సార్, మా ఫోన్‌లో డబ్బులు పోవట్లేదు" అని ల్యాబ్ ముందు క్యూ. వాటికి మినహాయింపులు రాస్తూ పోతే చివరికి మిగిలేది యూట్యూబ్ ఒక్కటే, దాన్ని దాచడం ఎలాగూ కుదరదు.

అసలు ఫైర్‌వాల్ మీద స్క్విడ్ పెట్టడమే నాకు ఇష్టం లేదు. 2023 అక్టోబరులో ఒక భద్రతా పరిశోధకుడు స్క్విడ్‌లో తాను పట్టుకున్న 55 లోపాలు బయటపెట్టాడు. అప్పటికి అందులో 35 సరిచేయనివే. తర్వాత వచ్చిన విడుదలల్లో చాలావరకు సరిదిద్దారు, కాదనను. కానీ ఆ ఏడాది చివర్లోనే పీఎఫ్‌సెన్స్ వాళ్లు తమ స్క్విడ్ ప్యాకేజీకి ఇక భవిష్యత్తు లేదని చెప్పేశారు. 2024 మొదట్లో అలాంటిదే ఇంకో ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఓపీఎన్‌సెన్స్ కూడా స్క్విడ్‌ని లోపలి నుంచి తీసి, కావాలంటే వేసుకునే ప్లగిన్‌గా మార్చింది. ఫైర్‌వాల్ తయారుచేసినవాళ్లే పక్కకు జరుపుతున్న దాని కోసం కొత్తగా డిస్క్ బిగించడం ఎందుకు?

డిస్క్ ఉంది కాబట్టి వాడాలనుకుంటే లాగ్‌లకి (ఏ మిషన్ ఎప్పుడు ఎక్కడికి వెళ్లిందో రాసుకునే రికార్డులకి) వాడండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దేశంలోనే భద్రపరచాలని ఉంది. మీ కాలేజీకి అది ఏ మేరకు వర్తిస్తుందో మేనేజ్‌మెంట్ తేల్చుకోవాలి గానీ, రేపు ఎవరైనా వచ్చి ఫలానా రోజు ఈ ఐపీ ఎవరిదని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలిగా.

పాత మోడెమ్

ఐపీఫైర్ అనే ఇంకో ఫైర్‌వాల్‌లో స్క్విడ్ పుట్టుకతోనే ఉంది, రెండో డిస్క్ తగిలించడానికి వెబ్ పేజీలోనే చోటు ఉంది. దాన్ని వాళ్లేమీ తీసేయలేదు. పీఎఫ్‌సెన్స్ వాళ్లు వద్దన్నారని ప్రపంచమంతా మానేయాలా?

రాత్రి డ్యూటీ

ఈయన వాడుతున్నది పీఎఫ్‌సెన్స్ కదండీ.

ఇంకో ముఖ్యమైన విషయం ఎవరూ ఎత్తలేదు. ఆ రెండో డిస్క్ చచ్చిపోతే? మౌంట్ పట్టికలో మామూలుగా రాసేస్తే, బూట్ అయ్యేటప్పుడు డిస్క్ దొరక్క ఫ్రీబీఎస్‌డీ సింగిల్ యూజర్ మోడ్‌లో ఆగిపోతుంది. అంటే క్యాష్ డిస్క్ పోతే కాలేజీ మొత్తానికి నెట్ పోయినట్టు. మానిటర్, కీబోర్డ్ తగిలించేదాకా ఏం జరిగిందో కూడా తెలియదు. మాకు ఒక ఆఫీసులో ఇదే జరిగింది, అదీ శనివారం రాత్రి. లైన్ కంపెనీ వాళ్లతో గంటన్నర గొడవపడ్డాక తెలిసింది, తప్పు మాదేనని.

అందుకే ఆ వరుసలో "ఫెయిల్ ఓకే" అన్న ఆప్షన్ తప్పనిసరిగా రాయాలి. లైనక్స్‌లో అయితే "నో ఫెయిల్". అది రాసినా ఇంకో గొయ్యి ఉంది. డిస్క్ మౌంట్ కాకపోయినా ఆ ఫోల్డరు మాత్రం మొదటి డిస్క్ మీద ఖాళీగా ఉంటుంది. ప్యాకేజీ దాన్ని చూసి కొత్త క్యాష్ అనుకుని అక్కడే నింపడం మొదలుపెడితే 120 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోతుంది. మౌంట్ కానప్పుడు ఆ ఫోల్డరులో స్క్విడ్ రాయలేకుండా పర్మిషన్ తీసేసి ఉంచాలి.

ల్యాబ్ ఇన్‌ఛార్జి

అందరికీ థ్యాంక్స్. చదివేకొద్దీ టెన్షన్ పెరిగింది, అందుకే డిస్క్ ముట్టుకోకుండా ముందు కొలిచాను. ఉన్న ఎస్‌ఎస్‌డీ మీదే చిన్న క్యాష్ పెట్టి, ల్యాబ్ మిషన్లన్నిటికీ ప్రాక్సీ అడ్రస్ ఇచ్చి, వారం పాటు స్క్విడ్ లాగ్ చూశాను. విండోస్ అప్‌డేట్‌కి బ్రౌజర్ సెట్టింగు సరిపోదు, దానికి విడిగా కూడా ఇవ్వాలని మధ్యలో తెలిసింది. మొదటి రెండు రోజుల లెక్క అలా పోయింది.

మిగతా రోజుల్లో మోసిన డేటాలో సగానికి పైగా టనెల్ అని పడింది, అంటే రాత్రి డ్యూటీ గారు చెప్పిన తాళం పెట్టెలే. మిగిలిన దాంట్లో పెద్ద వాటా విండోస్ అప్‌డేట్ సర్వర్లదే. కానీ హిట్ (క్యాష్ నుంచే ఇచ్చింది) అనే మాట ఎక్కడో ఒకటి. ఫైలు అదే, అడిగిన మిషన్లు ముప్పై, అయినా అన్నీ మిస్సే. ఇంకో విచిత్రం: నిన్న దింపిన అప్‌డేట్‌నే అదే మిషన్ ఈరోజు మళ్లీ దింపుతోంది. రోజూ తొమ్మిదిన్నరకే.

కేబుల్ క్రింపర్

అయ్యో, మీ ల్యాబ్ మిషన్లలో రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉందా? పిల్లలు ఏం పాడుచేసినా మర్నాటికి శుభ్రంగా ఉండటానికి వేస్తారు చూడండి, అది.

ల్యాబ్ ఇన్‌ఛార్జి

ఉంది. అన్నిట్లో ఉంది. నాకు ముందున్నాయన వేసి వెళ్లారు.

కేబుల్ క్రింపర్

దొరికింది దొంగ. మిషన్ పొద్దున ఆన్ అవుతుంది, అప్‌డేట్ దింపుకుంటుంది, సాయంత్రం ఆఫ్ చేయగానే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మర్నాడు మళ్లీ మొదటి నుంచి. 45 మిషన్లు, రోజూ. విండోస్ 10 నుంచి లాన్‌లో (లోపలి నెట్‌వర్క్‌లో) ఒక మిషన్ దింపింది పక్క మిషన్‌కి ఇచ్చే ఏర్పాటు ఉంది గానీ, దింపిందే మిగలనప్పుడు పక్కవాడికి ఏం ఇస్తుంది? పైగా ర్యామ్ 4 జీబీ కంటే తక్కువున్న పాత మిషన్లు ఆ పంపకంలో చేరవు.

పాత మోడెమ్

చూశారా! ఒకే ఫైలు 45 సార్లు, రోజూ. క్యాష్ పెట్టడానికి ఇంతకంటే మంచి కేసు ఉంటుందా? హిట్ ఎందుకు పడట్లేదో నేను చెబుతాను. విండోస్ ఆ ఫైలును ఒక్కసారిగా అడగదు, ముక్కలు ముక్కలుగా అడుగుతుంది. ముక్క జవాబును స్క్విడ్ దాచుకోదు. ముక్క అడిగినా ఫైలు మొదటి నుంచి మొత్తం తెచ్చుకో అని రేంజ్ సెట్టింగు మార్చాలి. పెద్ద ఫైళ్లకి హద్దు పెంచాలి. ఈ రెండూ చేసి ఆ 500 జీబీ పెట్టండి, తొమ్మిదిన్నర గొడవ ఉండదు.

రాత్రి డ్యూటీ

ఆ రేంజ్ సెట్టింగు రెండు వైపులా పదునున్న కత్తి. 4 జీబీ ఫైలు చివర 5 ఎంబీ కావాలని ఒక మిషన్ అడిగితే స్క్విడ్ 4 జీబీ మొత్తం లాగుతుంది. ఈలోగా ఇంకో మిషన్ ఇంకో వెర్షన్ అడిగితే అదీ మొత్తం. మొదటి రోజు ఇప్పటికన్నా ఘోరంగా ఉంటుంది.

రోజూ తుడిచిపెట్టుకుపోయే అప్‌డేట్‌ని వేగంగా అందించడం కంటే, తుడిచిపెట్టుకుపోకుండా చూడటం తేలిక కదండీ. నెలలో ఒక ఆదివారం ఆ సాఫ్ట్‌వేర్ ఆపి, అన్నిటికీ అప్‌డేట్లు ఎక్కించి, మళ్లీ బిగించండి. మిగతా రోజులు అప్‌డేట్ ఆఫ్.

పాత మోడెమ్

నెలనెలా ఆదివారం ఈయన వచ్చి 45 మిషన్ల ముందు కూర్చుంటారా? జీతం ఎవరిస్తారు? ఆ ఒక్క ఆదివారమైనా 45 మిషన్లు ఒకేసారి దింపాలిగా, అప్పుడు క్యాష్ అక్కర్లేదా?

రాత్రి డ్యూటీ

ఇది నిజం. ఒప్పుకుంటున్నా. ఆ ఆదివారానికి క్యాష్ పనికొస్తుంది. కానీ అది ఫైర్‌వాల్‌లో ఎందుకు? స్టోర్ రూములో డిస్క్ దొరికిన చోట పాత డెస్క్‌టాప్ ఒకటి దొరకదా? దానికి ఆ డిస్క్ పెట్టి, లైనక్స్ వేసి, స్క్విడ్ నడపండి. అది చచ్చినా నెట్ చావదు, ప్రాక్సీ సెట్టింగు తీసేస్తే మామూలే.

ఒక జాగ్రత్త. ప్రాక్సీ అడ్రస్ మిషన్లలో ఇస్తే ఏ గొడవా లేదు. అలా కాకుండా ఎవరికీ తెలియకుండా పోర్టు 80 (హెచ్‌టీటీపీ) ట్రాఫిక్ అటు మళ్లించాలంటే మాత్రం ఫైర్‌వాల్‌లో అడ్రస్ మార్చి పంపొద్దు, రూటింగ్‌తో మాత్రమే పంపండి. అడ్రస్ మార్పు ఆ స్క్విడ్ మిషన్ మీదే జరగాలి. లేకపోతే అసలు ఎక్కడికి వెళ్లాల్సిన ప్యాకెటో స్క్విడ్‌కి తెలియదు.

ఆడిట్ అక్క

దీనికి నేను సరే. ఫైర్‌వాల్ లాగ్‌లు కూడా ఆ మిషన్‌కే పంపించుకోండి. క్యాష్‌కి 300 జీబీ, లాగ్‌లకి మిగతాది, వేర్వేరు పార్టిషన్లు. ఒకే పార్టిషన్‌లో పెడితే క్యాష్ లాగ్‌ల చోటు తినేస్తుంది.

గళ్ల చొక్కా

అంటే బంప్ వద్దన్నమాట 😔

ల్యాబ్ ఇన్‌ఛార్జి

స్టోర్ రూములో పాత డ్యూయల్ కోర్ మిషన్ ఒకటి ఉంది, 2 జీబీ ర్యామ్. దుమ్ము దులిపి ఆన్ చేస్తే అయింది, ఫ్యాను మాత్రం పిండిమరలా మోగుతోంది. పాత మోడెమ్ గారు చెప్పినట్టు 1 ఎంబీ కంటే చిన్నవి డిస్క్‌లోకి వద్దు అని పెట్టి 300 జీబీ ఇస్తే ఆ 2 జీబీ సరిపోతుందా? ఈ ఆదివారమే సాఫ్ట్‌వేర్ ఆపి అప్‌డేట్లు ఎక్కిద్దామనుకుంటున్నా, అటెండర్‌ని కూడా రమ్మన్నాను. 45 మిషన్లూ ఒకేసారి ఆన్ చేయాలా, ముందు ఒకదానితో క్యాష్ నింపి తర్వాత మిగతావి చేయాలా?

పాత మోడెమ్

ముందు ఒకటి. అది పూర్తయ్యాక ఐదు, లాగ్‌లో హిట్లు పడుతున్నాయో లేదో చూసుకుని అప్పుడు మిగతావి. ర్యామ్ సరిపోతుంది, మెమరీ క్యాష్ మాత్రం 256 ఎంబీ దాటించకండి. ఫ్యానుకి ఒక చుక్క మిషన్ ఆయిల్.