పరిణామ సిద్ధాంతం నమ్మితే క్రైస్తవుడు కాకుండా పోతాడా?

రాజోలు నాన్న:
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నీట్‌కి ప్రిపేర్ అవుతోంది. మొన్న యూత్ కూటాలకి బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు "డార్విన్‌ని నమ్మేవాడు దేవుణ్ణి నమ్మలేడు" అని గట్టిగా చెప్పారట. అప్పట్నుంచి పరిణామం పాఠం ముట్టుకోవడం లేదు, ఆ మార్కులు పోతే పోనీ అంటోంది. నేను లూథరన్‌ని, మా ఆవిడ వాళ్లు బాప్టిస్టులు. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఇముడుతాయా? తెలిసినవాళ్లు చెప్పండి. కోతి జోకులు మాత్రం వద్దు.

కొబ్బరాకు:
కోతి జోకులు వద్దంటే ఇక్కడ సగం మందికి మాట్లాడ్డానికేం మిగలదండీ.

ఏలియా_మలికిపురం:
అమ్మాయిని పాఠం చదివి పరీక్ష రాయమనండి. రాయడం వేరు, నమ్మడం వేరు. ఇక అసలు ప్రశ్నకి నా జవాబు: ఇమడవు. నేను క్రీస్తుపూర్వం 4004లో సృష్టి జరిగిందని లెక్కగట్టే మనిషిని కాదు. ఆరు రోజులంటే ఎన్ని గంటలని కొట్టుకోను. కానీ రోమా 5:12 ఉంది. "ఒక మనుష్యునిద్వారా పాపమును పాపము ద్వారా మరణమును" లోకంలోకి వచ్చాయి. మీ సిద్ధాంతంలో మనిషి రాకముందే కోట్ల ఏళ్లు జీవులు చస్తూ ఉండాలి, చావకపోతే పరిణామమే లేదు. మరణం ముందే ఉంటే ఆదాము తెచ్చిందేమిటి? ఆదాము ఏమీ తేకపోతే క్రీస్తు తీసేసిందేమిటి? ఈ ముడి విప్పి తర్వాత డార్విన్ గురించి మాట్లాడండి.

నల్లరాయి:
ఏలియా గారూ, లేఖనం తర్వాత. ముందు కళ్లెదుట ఉన్నది చూద్దాం. నేను పంగిడి వైపు క్రషర్‌లో సూపర్‌వైజర్‌ని. అక్కడ కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో సున్నపురాయి పొర. ఆ మధ్య పొరలో గుల్లలు. దుద్దుకూరులో ఇదే, రాజమండ్రి దగ్గర కాతేరులోనూ ఇదే. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ జియాలజీ వాళ్లు వచ్చి చూసి రాసుకుని పోతున్నారు. నల్లరాయంటే గడ్డకట్టిన లావా. మహారాష్ట్రలో పరుచుకున్న దక్కన్ లావా కాలానిదే ఇదీ, వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లు. అంటే ఒకసారి లావా వచ్చి చల్లారింది, దాని మీదికి సముద్రపు నీళ్లొచ్చి జీవులు పుట్టి పెరిగి చచ్చి అడుగున చేరాయి, మళ్లీ లావా వచ్చింది. ఇదంతా నోవహు ఓడలో ఉన్న ఏడాదిలో జరిగిందంటే నేను నమ్మను. నేనూ ప్రతి ఆదివారం లూథరన్ గుడికి వెళ్లేవాణ్ణే.

ఏలియా_మలికిపురం:
నేను జలప్రళయం ఊసే ఎత్తలేదు. అయినా నువ్వు ఎత్తావు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. సముద్రపు గుల్ల పంగిడిలో దొరికిందంటే నీళ్లు అక్కడిదాకా వచ్చాయనే కదా? 1986 వరద నేను చూశాను. తెల్లారేసరికి లంక పొలాల మీద నిలువెత్తు ఇసుక మేట. కొబ్బరి చెట్లకి మొదళ్లు కనపళ్లేదు. ఆ ఇసుకని ఏ చదువుకున్నాయనకైనా చూపించి వరద సంగతి చెప్పకపోతే వెయ్యేళ్ల మేట అని రాసిస్తాడు.

నల్లరాయి:
రాయడండీ. ఇసుక మేట ఇసుక మేటలాగే ఉంటుంది, జియాలజీ చదివినవాడు దాన్ని పోల్చుకుంటాడు. మీ ఇసుక కింద చల్లారిన లావా, పైన మళ్లీ లావా ఉన్నాయా? ఇంకోటి. ఇదే నల్లరాయి మీ కాళ్ల కింద కూడా ఉంది. ఓఎన్‌జీసీ వాళ్లు రాజోలు, నర్సాపురం చుట్టుపక్కల బావులు తవ్వితే చాలా లోతున తగిలింది. జియాలజీలో ఆ పొర పేరే రాజోలు ఫార్మేషన్. (రాజోలు నాన్న గారూ, మీ ఊరి పేరండీ.) ఆ బావుల్లోంచి పైకొచ్చిన మట్టిని మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో ఉన్న ఇసుక రేణువంత గుల్లల్ని బట్టి ఇప్పుడు ఏ కాలపు పొరలో ఉన్నామో చెప్తారు. లోతు పెరిగేకొద్దీ గుల్లల జాతులు వరసగా మారతాయి. ఒక్క వరద అన్నిటినీ కలిపేసి ఉంటే ఆ వరస ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ వరస నిజం కాబట్టే చమురు వెతికే వాళ్లు దాని మీద కోట్లు ఖర్చు పెడుతున్నారు.

అన్వేషి_కాకినాడ:
ఇద్దరూ అనవసరంగా ఆయాసపడుతున్నారు. సైన్స్ గెలిచి చాలాకాలమైంది. బైబిలు పక్కన పెట్టేస్తే ప్రశ్నే ఉండదు.

నల్లరాయి:
అన్వేషి గారూ, మీరూ ఆ కూటాల ప్రసంగీకుడూ ఒకటే మాట చెప్తున్నారు, చూసుకోండి. ఏదో ఒకటి వదిలేయాలని. వంశపారంపర్యం సూత్రాలు 1866లో అచ్చేసిన మెండెల్ కాథలిక్ సన్యాసి. పరిణామం వెలుగు లేకపోతే బయాలజీలో దేనికీ అర్థం లేదని 1973లో రాసిన జీవశాస్త్రవేత్త డాబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు, ఆ వ్యాసంలోనే తాను సృష్టిని నమ్ముతానని కూడా రాశాడు. ఆదికాండంలో రోజులు మామూలు రోజులు కావని డార్విన్‌కి పద్నాలుగు వందల ఏళ్ల ముందే క్రైస్తవ వేదాంతి అగస్టీన్ అన్నాడు. సూర్యుడు నాలుగో రోజున కదా వచ్చాడు! పోపు రెండో జాన్ పాల్ 1996లో పరిణామం ఒట్టి ఊహ స్థాయి దాటిపోయిందని ఒప్పుకున్నారు.

ఏలియా_మలికిపురం:
పోపు గారు మాకు ప్రమాణం ఎప్పుడయ్యారు? లూథరన్‌వి అయ్యుండి పోపుని తెచ్చావు. బాగుంది. రోమా 5:12 అడిగితే పంగిడి చూపిస్తావు, పంగిడి అయ్యాక రోము చూపిస్తావు.

బైపీసీ మేడం:
నాన్న గారికి ఒక్క విషయం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో పరిణామం భాగం తీసేసింది. పన్నెండులో ఉంది, నీట్ సిలబస్‌లో ఉంది. పాప వదిలేస్తే నష్టం పాపకే. మా క్లాసులో ఈ డౌటు వచ్చే పిల్లలు క్రైస్తవులొక్కరే కాదు, అన్ని ఇళ్ల నుంచీ వస్తారు. చదివాక నమ్మాలో వద్దో వాళ్ల ఇష్టం.

సలోమి_తణుకు:
పరిణామం చూడ్డానికి పంగిడి దాకా ఎందుకు, మా చేలోకి రండి. వరిని పీల్చే సుడిదోమ పురుగుకి మొదట్లో ఏ మందు కొట్టినా పోయేది. ఇప్పుడు అదే మందు రెండింతలు కొట్టినా నవ్వుతోంది. చచ్చేవి చచ్చాయి, చావనివి పిల్లలు పెట్టాయి. వరి రకాల్లోనూ ఇదే జరిగింది. 1973లో దోమ తట్టుకుంటుందని ఫిలిప్పీన్స్‌లో ఐఆర్-26 విడుదల చేస్తే కొన్నేళ్లకే దాన్నీ తినే దోమ తయారైంది.

ఏలియా_మలికిపురం:
అమ్మా, దోమ ఇంకా దోమే. తూనీగ కాలేదు.

నల్లరాయి:
నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఇది గుల్లల గొడవా కాదు, దోమ గొడవా కాదు. కొన్నేళ్లు నేను సండే స్కూల్ చెప్పాను. ఒక పిల్లవాడు డైనోసార్లు ఏ రోజున సృష్టించారని అడిగితే, ఆదికాండం మొదటి అధ్యాయం క్యాలెండర్ కాదు నాన్నా, దేవుడు ఎవరో చెప్పే పాట అన్నాను. తర్వాతి ఆదివారం నా క్లాసు వేరే వాళ్లకిచ్చారు. కారణం చెప్పలేదు. సంఘపెద్దలు ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. ఏలియా గారి లాంటి పెద్దలే. ప్రశ్న అడగనివ్వరు, జవాబు చెప్పరు, పిల్లలు ఇంటర్‌కి వచ్చాక గుడి మానేస్తే సాతాను లాగేశాడంటారు.

ఏలియా_మలికిపురం:
నిన్ను తీసేసినవాళ్లతో నాకేం సంబంధం? నీ కోపం వాళ్ల మీద, రాళ్లు నా మీద.

గట్టుమీద_గిరి:
ఏలియా గారూ, వాక్యం మీద ఇంత పట్టుదల ఉన్నవారు కదా. కుల సర్టిఫికెట్‌లో ఏం రాయించుకున్నారో చెప్పండి చూద్దాం.

కొబ్బరాకు:
గిరీ, ఇది మరీ ఛండాలంగా ఉంది. తీసెయ్.

ఏలియా_మలికిపురం:
తీయొద్దు, ఉండనీ. అడిగాడు కాబట్టి చెప్తున్నా. బీసీ-సీ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మేము బాప్తిస్మం తీసుకున్నాం కాబట్టి ఎస్సీ కాదు. రికార్డులో వేరేగా రాయించుకుంటే మా ఇంట్లో ఇద్దరికి ఉద్యోగాలు వచ్చేవి. మా నాన్న వద్దన్నాడు. అదీ నా సర్టిఫికెట్.

ఇంకా విను. మా తాత పాలేరు. కాటన్ దొర కాలువలు తవ్వించాక ఈ డెల్టా అంతా పచ్చబడింది, కానీ ఆ కాలువలో మా తాత నీళ్లు ముంచుకునే రేవు వేరు. ఆయనకి చదువు రాదు. ఆయన సంఘంలోకి వచ్చింది ఆరు రోజుల లెక్క విని కాదు. అపొస్తలుల కార్యములు 17:26 విని. దేవుడు "యొకనినుండి ప్రతి జాతి మనుష్యులను సృష్టించి" అని. ఒకడు తల నుంచి, ఒకడు పాదం నుంచి పుట్టాడని, నువ్వు ఆ పాదం లెక్కలో కూడా లేవని చెప్పే ఊళ్లో, ఆ రైతుకీ నీకూ తండ్రి ఒక్కడే అని మొదటిసారి ఒకాయన ఆయనతో అన్నాడు. మా ఇంట్లో ఆదాము అంటే అది. మీకు అది ఒక కథ, ఒక పాట. తీసేసినా మీకు పోయేదేం లేదు.

ఇక మీ సైన్సు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ థర్స్టన్ ఈ ప్రెసిడెన్సీ అంతా తిరిగి కులాలవారీగా ముక్కులూ తలకాయలూ కొలిచాడు. ముక్కు వెడల్పయిన కొద్దీ కులం కిందకి దిగుతుందని 1891లో బ్రిటిష్ అధికారి రిస్లీ సూత్రమే రాశాడు. వాళ్లు పాస్టర్లు కాదు తమ్ముడూ, సైంటిస్టులం అనుకున్నవాళ్లు. మనుషులు ఒక్కడి నుంచి కాదు, ఒక గుంపు నుంచి వచ్చారు, మెల్లగా మారారు అని మీరు అన్నప్పుడల్లా నా ప్రశ్న ఒకటే. ఆ మారడంలో ఎవణ్ణి ముందు నిలబెడతారు, ఎవణ్ణి వెనక?

సలోమి_తణుకు:
ఏలియా అన్నయ్యా, ఇది మొదటే చెప్పి ఉంటే ఇసుక మేటల దాకా వెళ్లేవాళ్లం కాదు.

నల్లరాయి:
ఏలియా గారూ, ముక్కులు కొలిచింది నిజమే. ఆ సూత్రం తప్పని తేల్చింది కూడా సైన్సే. డార్విన్ 1871లో మనిషి పుట్టుక గురించి రాసినప్పుడు మనుషులందరూ ఒకే జాతి, ఒకే మూలం అన్నాడు. తెల్ల మనిషిని, నల్ల మనిషిని విడివిడిగా సృష్టించారని అప్పట్లో వాదించిన పండితులకి అది ఎదురుదెబ్బ. ఆయన రాతల్లో దొరతనం లేదని నేననను, చాలా ఉంది. 1972లో లెవాంటిన్ అనే జన్యు శాస్త్రవేత్త లెక్క తీస్తే మనుషుల మధ్య జన్యు తేడాల్లో 85 శాతం ఏ గుంపులోనైనా ఆ గుంపు లోపలే ఉన్నాయని తేలింది. మన హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్లు 2009లో చూపించారు, ఈ దేశంలో దాదాపు అన్ని కులాల వాళ్లలోనూ అవే రెండు పాత వంశాలు కలిసి ఉన్నాయని. 2013లో ఇంకో మాట చెప్పారు. సుమారు 1900 ఏళ్ల కిందటి వరకూ అందరూ అందరితో కలిశారు, ఆ తర్వాతే గోడలు లేచాయి. అంటే మీ తాతకీ ఆ రైతుకీ ముత్తాతలు ఒకటే. మీకు అపొస్తలుల కార్యములు చెప్పింది మాకు రక్తం చుక్క చెప్పింది.

ఇప్పుడు నా ప్రశ్న. ఒకే ఆదాము అని వందేళ్లకి పైగా ప్రకటించిన మన సంఘాల్లో పెళ్లి సంబంధాలు ఎలా చూస్తున్నారు? సమాధుల తోటలో ఎవరి వరస ఎక్కడ? మా ఊళ్లో అయితే నేను చెప్పగలను, చెప్పడానికి సిగ్గేస్తుంది. ఆదాముని నమ్మినందువల్ల ఏం ఆగింది?

ఏలియా_మలికిపురం:
ఏమీ ఆగలేదు. మా ఊళ్లోనూ అంతే. అయితే అది పాపం అని వాళ్ల మొహం మీద అనడానికి నాకు ఆదాము ఉన్నాడు. ఒకే తండ్రి బిడ్డలం, నన్ను వేరే వరసలో పూడ్చడానికి నువ్వెవడివి అని అడగగలను. నీ రక్తం చుక్క ముత్తాతలు ఒకటే అంటుంది. అన్నదమ్ముల్లా బతకమని ఎక్కడంటుంది? 1900 ఏళ్ల కింద గోడ లేచిందని రాసి, కింద సంతకం పెట్టి వెళ్లిపోతుంది. ఆ గోడ తప్పు అని ఏ మైక్రోస్కోపులో కనిపిస్తుంది?

నల్లరాయి:
కనపడదు. అందుకే నేను ల్యాబ్‌కి కాదు, గుడికి వెళ్తున్నాను. గుల్ల వయసు బైబిల్ని అడగను, గోడ తప్పో ఒప్పో గుల్లని అడగను. పరిణామం నమ్మే క్రైస్తవుడంటే నా దృష్టిలో ఇంతే.

అన్వేషి_కాకినాడ:
గోడ తప్పని చెప్పడానికి దేవుడు అక్కర్లేదు. అంబేడ్కర్ చాలు.

ఏలియా_మలికిపురం:
అంబేడ్కర్ ఫొటో మా ఇంట్లో ఉంది బాబూ. ఆయన కూడా కులానికి ఎదురుగా నిలబడ్డానికి ఒక ధర్మం కావాలనే 1956లో బౌద్ధంలోకి వెళ్లాడు, ల్యాబ్‌లోకి కాదు.

రాజోలు నాన్న:
ఏలియా గారూ, ఒకటి అడగనా. అందరూ ఒకే గుంపు నుంచి వచ్చారనేది మీకు సరిపోదు, ఒక్కడే కావాలి. ఆ ఒక్కడు ఎలా తయారయ్యాడన్నది కూడా మీకు ముఖ్యమా? మట్టి ముద్ద నుంచి నేరుగా అయినా, లక్షల ఏళ్లు పట్టినా, దేవుడు ఒకణ్ణి పేరుపెట్టి పిలిచాడంటే ఒప్పుకుంటారా?

ఏలియా_మలికిపురం:
మంచి ప్రశ్న. పిలిచింది ఒక్కణ్ణే అయితే ఆలోచిస్తాను. ఒప్పుకున్నానని రాసుకోకండి. ఆ పక్కన నిలబడ్డ మిగతావాళ్లని ఎందుకు పిలవలేదని అడుగుతాను మళ్లీ. పిలవనివాళ్ల వైపు ఎవరిని నిలబెడతారో మాకు అనుభవం ఉంది.

నల్లరాయి తమ్ముడూ, రోమా 5:12 ఇంకా అలాగే ఉంది. నీ గుల్లలో పురుగు ఆరున్నర కోట్ల ఏళ్ల కింద చచ్చింది. ఎవరి పాపానికి?

నల్లరాయి:
ఆ వచనం చివర చదవండి. మరణం వచ్చింది మనుష్యులందరికీ అని ఉంది. పురుగుల గురించి పౌలు అక్కడ మాట్లాడలేదు.

ఏలియా_మలికిపురం:
మూడు అధ్యాయాలు తిప్పు. 8:22లో సృష్టి యావత్తు మూలుగుతోందని ఉంది. మనుషులు మాత్రమే అని లేదు. రేపు ఆదివారం, క్రషర్ సెలవే కదా. చదివి సాయంత్రం రాయి.