దావో ఆరాధనలో తాళం: 1906 నాటి లిపి చాలునా, గురువు తప్పనిసరా?

తాళప్రియ: చైనాలోని దావో మతంలో చ్వెన్‌జెన్ అనే శాఖ మఠాల్లో పాడే స్తోత్రాలకు దెబ్బల గుర్తులతో సహా ఒక సంకలనం ఉంది. చెంగ్డూలోని ఎర్‌షియెన్ మఠం 1906లో అచ్చు వేయించింది. సాహిత్యం పక్కనే ‘దాంగ్’ అని ఉంటే చిన్న జేగంట, ‘చింగ్’ అని ఉంటే చేతితాళాలు. దెబ్బ ఎక్కడ పడాలో ఇంత స్పష్టంగా రాసి ఉన్నప్పుడు తాళం వరకు గురువు అక్కర్లేదని నా వాదన.

మద్దెల మోత: ఒప్పుకోనండి. ఆ లిపిలో రాగమూ లేదు, కాలప్రమాణమూ లేదు. ఒక్క అక్షరాన్ని నాలుగైదు దెబ్బల దాకా సాగదీసే చోట గొంతు ఎటు తిరుగుతుందో తెలియకపోతే, లెక్క సరిపోయినా దెబ్బ పాటను నరికేస్తుంది. పైగా చేతిపని ఏ గుర్తులోనూ దొరకదు. జేగంట పళ్లేన్ని చెక్క చట్రానికి కట్టిన తాళ్లు వదులైతే పళ్లెం పక్కకు తిరిగి నాదం పలచబడుతుంది. తాళాలు రెండూ సరిగ్గా ఒకదానిపై ఒకటి మూసుకుంటే మధ్యలో గాలి చిక్కి ‘టప్’ మంటాయి. అంచులు కాస్త పక్కకు జరిపి కొట్టాలి.

ఉత్తరద్వారం: మీరిద్దరూ స్తోత్రం దగ్గరే ఆగిపోయారు. పారాయణ వేరు. ‘చింగ్‌జింగ్ జింగ్’ లాంటి దావో గ్రంథం చదివేటప్పుడు నడక చెక్కచేపది (కర్రతో కొట్టే బోలు చెక్క వాయిద్యం): అక్షరానికో దెబ్బ. ఇక్కడ లిపే అక్కర్లేదు, కష్టమంతా వేగంలోనే. మెల్లగా మొదలై వేగం పెరుగుతుంది. చదివేవాళ్లు ఊపిరి తీసుకోకముందే చేప పరిగెడితే అక్షరాలు మింగేస్తారు. కంచు గిన్నె మొదట్లో, విభాగాల చివర మోగుతుంది. దాన్ని మెత్త మీద ఉంచి, అంచును బయటి నుంచి కొట్టి కర్ర వెంటనే తీసెయ్యాలి. ఆనించి ఉంచితే నాదం అక్కడే చచ్చిపోతుంది.

తాళప్రియ: పారాయణ సంగతి సరే. కానీ మౌఖికమే ప్రమాణమంటే ఏ ఊరి మౌఖికం? ఊడాంగ్ పర్వత సంగీతాన్నీ, సూచౌ షుయెన్‌మియావ్ ఆలయ సంగీతాన్నీ చైనా 2006లో జాతీయ వారసత్వ జాబితాలో విడివిడిగానే చేర్చింది. అందరికీ ఉమ్మడి ఆధారం ఉండాలంటే అచ్చు పుస్తకమే కదా?

మద్దెల మోత: సూచౌ వాళ్లది దావో మతంలోనే జెంగ్‌యీ అనే మరో శాఖ సంప్రదాయం, వాళ్ల డోలు పద్ధతే వేరు. దానికి చ్వెన్‌జెన్ పుస్తకం కొలత కాదు. ఒకే మఠంలో పాడేవాళ్లు కలిసి ఉండటానికి ఆ పుస్తకం పనికొస్తుంది, కాదనను. ముందు దెబ్బలు నోటితో చెప్తూ మోకాలి మీద వేయాలి, తర్వాత జేగంట, చివరికి తాళాలు. ఆ మొదటి మెట్టులో చెయ్యి తొందరపడుతోందని పట్టుకోవడానికి ఎదుట ఒక మనిషి ఉండాల్సిందే.