కేబుల్‌తో బాగానే ఉంది, నాన్న ఫోన్లో వేస్తే గుండ్రం తిరుగుతూనే ఉంది

పాలకేంద్రం (రాత్రి 1:40)
సాయంత్రం ఏడు నుంచి దీని ముందే కూర్చున్నాను. అన్నం కూడా ఇక్కడే తిన్నాను. నా దగ్గర యాప్ చక్కగా పనిచేస్తోంది, సిమ్యులేటర్‌లోనూ (ల్యాప్‌టాప్‌లో కనబడే ఉత్తుత్తి ఫోన్) బాగుంది. నాన్న ఫోన్లో వేస్తే మాత్రం లాగిన్ నొక్కగానే గుండ్రం తిరగడం మొదలవుతుంది, ఇక ఆగదు. మా ఊళ్ళో పాల కేంద్రం మాది. పొద్దున ఐదింటికల్లా జనం క్యాన్లతో వచ్చేస్తారు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, అన్నీ ఇప్పటిదాకా నోటుబుక్కులోనే. రేపటి నుంచి ఫోన్లో రాసుకోవచ్చని మాటిచ్చాను. నెట్ ఉంది, అదే ఫోన్లో వీడియోలు ఆడుతున్నాయి. ఎనిమిదిసార్లు తీసేసి మళ్ళీ వేశాను. ఎవరికైనా ఇలా అయిందా?

లాగ్ పెట్టండి (1:52)
దేంతో రాశారు? ఏ ఫోన్? ఎర్రర్ ఏమిటి?

పాలకేంద్రం (1:55)
ఎర్రర్ ఏమీ రావట్లేదు, అదే నా బాధ. గుండ్రం తిరుగుతుంది, అంతే.

తూర్పుగాలి (1:58)
సిమ్యులేటర్ అన్నారు కాబట్టి ఐఫోన్ అనుకుంటున్నాను. ఏడాదికి 99 డాలర్లు కట్టే డెవలపర్ ఖాతా ఉందా? ఉచిత ఖాతాతో యాప్‌ని సైన్ (డిజిటల్ సంతకం) చేస్తే యాప్ ఏడు రోజులే నడుస్తుంది, ఆ తర్వాత ఆపిల్ యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్ నుంచి మళ్ళీ వేయాలి. నాన్నగారి ఫోన్ ఐడీ రిజిస్టర్ చేశారో లేదో కూడా చూడండి.

పాలకేంద్రం (2:01)
ఐఫోన్ కాదండీ, మామూలు ఆండ్రాయిడ్. ఆండ్రాయిడ్ స్టూడియోతో వచ్చే సిమ్యులేటర్.

పాత కంపైలర్ (2:06)
బాబూ, దాన్ని ఎమ్యులేటర్ అనాలి. అది ఫోన్ హార్డ్‌వేర్‌నే అనుకరిస్తుంది, లోపల పూర్తి ఆండ్రాయిడ్ నడుస్తుంది. ఆపిల్‌వాళ్ళ సిమ్యులేటర్ అలా కాదు, యాప్‌ని మ్యాక్ ప్రాసెసర్ కోసమే బిల్డ్ చేసి నడుపుతుంది. రెండూ ఒకటే అనుకుంటే ఏమవుతుందో పైన చూశారుగా, ఒకాయన పాపం ఐఫోన్ సంగతంతా రాశాడు. ఇంకొకటి అడగాలి. సర్వర్ అడ్రస్ 10.0.2.2 అని ఇచ్చారా? ఎమ్యులేటర్ లోపల ఆ నంబరుకి మీ ల్యాప్‌టాప్ అని అర్థం. బయటి ఫోన్‌కి అది పనికిరాదు.

పాలకేంద్రం (2:09)
లేదండీ, సర్వర్ బయట హోస్టింగ్‌లో ఉంది. ఫ్లట్టర్‌తో (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ చేసేది) రాశాను, చెప్పడం మరిచాను.

కోట్లిన్ ప్రేమి (2:17)
అక్కడే వచ్చింది చిక్కు. ఆండ్రాయిడ్ ఒక్కదానికే రాసేటప్పుడు మధ్యలో ఇంకో పొర ఎందుకు? గూగుల్ 2017లో కోట్లిన్ భాషకి అధికారికంగా మద్దతు ఇచ్చింది, 2019 నుంచి ఆండ్రాయిడ్‌కి మొదటి భాష అదే అంటోంది. జెట్‌ప్యాక్ కంపోజ్ వచ్చాక స్క్రీన్లు రాయడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఫ్లట్టర్ నేర్చుకుంటే ముందు దాని భాష డార్ట్ నేర్చుకోవాలి, ఆ డార్ట్ ఇంకెక్కడ పనికొస్తుంది? నేను ఆరు నెలలు అందులో ఉండి బయటికి వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఇక మీ సమస్యకి వస్తే, సర్వర్ అడ్రస్ హెచ్‌టీటీపీయా, హెచ్‌టీటీపీఎస్సా? ఆండ్రాయిడ్ 9 నుంచి ఎన్‌క్రిప్షన్ లేని ఉత్త హెచ్‌టీటీపీని మామూలుగా ఆపేస్తారు.

ఎర్ర బస్సు (2:24)
అన్నా, ఆ కట్టడి ఆండ్రాయిడ్ సొంత నెట్‌వర్క్ లైబ్రరీలు వాడినప్పుడు. డార్ట్ తన సాకెట్లు (నెట్ కనెక్షన్లు) తానే తెరుస్తుంది, దానికి అది అడ్డురాదు. ఇతనిది వేరే గొడవ. తమ్ముడూ, ఒక్క మాట చెప్పు. నాన్నగారి ఫోన్లోకి ఎలా వేశావు? కేబుల్ పెట్టి రన్ నొక్కావా, ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) పంపావా?

పాలకేంద్రం (2:27)
రిలీజ్ (జనానికి ఇచ్చే) ఏపీకే తీసి వాట్సాప్‌లో పంపాను అన్నా. నా ఫోన్లో కేబుల్‌తో.

ఎర్ర బస్సు (2:35)
అదీ సంగతి. ఈ ముక్క మొదట్లోనే చెప్పి ఉంటే ఈపాటికి పడుకునేవాడివి. ప్రాజెక్టులో ఆండ్రాయిడ్ ఫోల్డర్ తెరువు. అందులో యాప్, దాని లోపల ఎస్‌ఆర్‌సీ. అక్కడ డీబగ్, మెయిన్, ప్రొఫైల్ అని మూడు ఫోల్డర్లు, మూడింట్లోనూ ఒక్కొక్క మ్యానిఫెస్ట్ ఫైల్ (యాప్‌కి ఏయే అనుమతులు కావాలో రాసేది) ఉంటాయి. ఇంటర్నెట్ పర్మిషన్ లైను డీబగ్‌లో, ప్రొఫైల్‌లో ఉంటుంది, మెయిన్‌లో ఉండదు. కేబుల్‌తో నడిపేటప్పుడు హాట్ రీలోడ్‌కీ (మార్పులు వెంటనే చూపేది), బ్రేక్‌పాయింట్లకీ (కోడ్ మధ్యలో ఆపి చూసేవి) ఫ్లట్టరే నెట్‌వర్క్ వాడుకుంటుంది, అందుకని అక్కడ తనే రాసిపెడుతుంది. రిలీజ్ బిల్డ్ మాత్రం మెయిన్ ఒక్కటే చూస్తుంది. ఆ లైను కాపీ చేసి మెయిన్‌లో అప్లికేషన్ ట్యాగ్‌కి పైన పెట్టు. ఏపీకే మళ్ళీ తియ్యి.

ఎర్రర్ ఎందుకు కనబడలేదంటే, లాగిన్ దగ్గర ఎర్రర్‌ని పట్టుకునే క్యాచ్ ఖాళీగా వదిలేసి ఉంటావు. అక్కడ ఒక ప్రింట్ పెడితే హోస్ట్ లుకప్ (సర్వర్ పేరు వెతకడం) ఫెయిలైంది, ఎర్రర్ నంబరు 7 అని వచ్చి ఉండేది. అది చూసి నెట్ లేదేమో అనుకుంటారు అందరూ. నేనూ ఒకసారి రౌటర్ ఆపి మళ్ళీ పెట్టాను దానికోసం.

కోట్లిన్ ప్రేమి (2:41)
కోట్లిన్‌లో అయితే ఉన్నది ఒక్క మెయిన్ మ్యానిఫెస్టే. పర్మిషన్ మరిచిపోతే మొదటి రన్‌లోనే తెలిసిపోతుంది. నేను చెప్పేది ఇదే.

ఎర్ర బస్సు (2:43)
నిజమే అన్నా. కానీ ఐదింటికి పాలు పోసేవాళ్ళు వచ్చేస్తారు, ఇప్పుడు భాష మార్చమంటే ఎలా?

పాత కంపైలర్ (2:50)
ఆ కట్టడి డార్ట్‌కి అడ్డురాకపోయినా, హెచ్‌టీటీపీఎస్ పెట్టుకోవడం మంచిది బాబూ. ఎవరికి ఎంత డబ్బు ఇవ్వాలో ఆ లెక్కలన్నీ దాని మీదే పోతాయి. ఇంకోటి, రిలీజ్ దేంతో సైన్ చేశావు? కొత్త ప్రాజెక్టులో మార్చకపోతే పరీక్షలకు వాడే డీబగ్ కీతోనే అవుతుంది. రేపు సొంత కీ చేసుకుని మళ్ళీ వేస్తే, సంతకం కలవలేదని పాత యాప్ మీద కొత్తది ఎక్కదు. పాతది తీసేయాల్సిందే, దాంతోపాటు ఫోన్లో దాచిన లెక్కలూ పోతాయి. కాబట్టి లెక్కలు మొదలెట్టకముందే కీ చేసుకో. ఆ కీ ఉండే కీస్టోర్ ఫైలు, దాని పాస్‌వర్డ్ రెండు చోట్ల దాచుకో.

పాలకేంద్రం (4:12)
వచ్చింది!! క్యాచ్ ఖాళీయే, ఎర్ర బస్సు అన్న చెప్పినట్టే. నాన్న లేచి చూశారు, అద్దాలు పెట్టుకుని తన పేరు రెండుసార్లు చదువుకున్నారు. కీ సంగతి మధ్యాహ్నం చూస్తాను, ఇప్పుడు క్యాన్లు కడగాలి. థాంక్స్ అందరికీ.

పాత కంపైలర్ (4:20)
మధ్యాహ్నం కాదు బాబూ, మొదటి క్యాను రాకముందే.

తూర్పుగాలి (9:05)
నాది కూడా ఇలాగే తిరుగుతోంది. మెయిన్‌లో పర్మిషన్ ఉంది. మొబైల్ డేటా మీద పనిచేస్తుంది, ఇంట్లో వైఫై మీద చేయదు. ఏమై ఉంటుంది?

లాగ్ పెట్టండి (9:31)
దేంతో రాశారు?