‘బాడీ కట్టించడం’ – ఈ కట్టడం ఎవరిది?

మొన్న ఇక్కడ ఒక మిత్రులు "బస్సుకు బాడీ కట్టించారు" అన్న వాడుకను ఇంగ్లీషుకు మక్కికి మక్కి తెలుగని తీసిపారేశారు. బాడీ అరువు మాటే, ఒప్పుకుంటాను. కట్టించడం మాత్రం మనదే. నా దగ్గరున్న సాక్ష్యం రెండు పాత ఫోటోలు.

మా తాతగారు రాజమండ్రిలో వడ్రంగి. మొదటి ఫోటోలో బస్సు అనదగ్గది ఏదీ లేదు. ముందు ఇంజను, రేడియేటరు మీద చెవ్రొలెట్ గుర్తు, నాలుగు చక్రాలు, వాటి మీదుగా వెనక దాకా రెండు ఇనుప దూలాలు. డ్రైవరు కూర్చున్నది ఒక చెక్కపెట్టె మీద. ఎండకూ దుమ్ముకూ తల చుట్టూ తుండు బిగించుకున్నాడు. నాన్నమ్మ దీన్ని ‘మొండి బండి’ అనేది. వెనక తాతగారి పెన్సిలు రాత: "గూడు కట్టక మునుపు".

రెండో ఫోటోలో అదే బండి. టేకు చట్రం, దాని మీద రేకు. కిటికీలకు అద్దాల్లేవు, పైకి చుట్టి తాడుతో కట్టిన కాన్వాసు తెరలున్నాయి. టాపు మీదికి నిచ్చెన. ఎక్కే మెట్టు మీద కాలు పెట్టి, చేతిలో బాడిసతో తాతగారు. ఆయన మొహంలో అంత గర్వం నేను మరే ఫోటోలోనూ చూడలేదు, పెళ్ళి ఫోటోలో కూడా. దీని వెనక రాత: "బాడి కట్టిన తర్వాత".

ఒకే బండి, ఒకే చేతిరాత. పని మొదలయ్యేటప్పుడు ‘గూడు’, ముగిసేసరికి ‘బాడి’. బస్సు యజమానీ డ్రైవరూ రోజూ అనే మాట ఆయన నోటికీ వచ్చేసింది. నామవాచకం మారింది, క్రియ కదల్లేదు. నా వాదనంతా ఇంతే.

గూడు ఎక్కడిదో చెప్పనక్కర్లేదు, గూడుబండి అందరికీ తెలుసు. అంతకుముందు ఎడ్లబండికి వెదురు వంచి, చాప పరిచి గూడు కట్టిన చేతులే మోటారు మీదికి వచ్చాయి. అప్పట్లో కంపెనీ నుంచి వచ్చేది చాలావరకు ఉత్త ఛాసిస్సే, అంటే మొదటి ఫోటోలోలా ఇంజను, చక్రాలు, దూలాలు మాత్రమే. ఫోర్డు వాళ్ళు 1917లో తెచ్చిన ఒక టన్ను లారీ ‘టీటీ’ని మొదట్లో ఛాసిస్‌గానే అమ్మారు, పైనేం కావాలో కొన్నవాడే చూసుకోవాలి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో బళ్ళు బిగించడం మొదలుపెట్టింది. ఇంజను సముద్రం దాటి వచ్చినా, మనిషి కూర్చునే చోటు మాత్రం ఊళ్ళో వడ్రంగి చేతి పనే. ఏజెన్సీ అడవుల నుంచి గోదావరి మీద తెప్పలుగా దిగే టేకు రాజమండ్రి వడ్రంగులకు అందుబాటులో ఉండేది.

ఇక క్రియ సంగతి. బల్ల చేస్తాం, కుర్చీ చేస్తాం, మంచం చేయిస్తాం. ఇల్లు కడతాం, పందిరి కడతాం, పాక కడతాం, పిట్ట గూడు కడుతుంది. మనిషి గానీ పిట్ట గానీ లోపలికి వెళ్ళి తలదాచుకునేదయితే అక్కడ ‘కట్టు’ వస్తుంది. ఈ తేడా మన సామెతలోనే ఉంది: ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు. బ్రౌన్ దొర 1852 నిఘంటువులోనే ‘కట్టు’కు ముడివేయడంతో పాటు నిర్మించడం అనే అర్థమూ ఉంది. అప్పటికి లోకంలో మోటారు బస్సే లేదు. ఇంగ్లీషువాడి ‘బిల్డ్’ చూసి మనం నేర్చుకున్నదేముంది?

*

తెనాలి నుంచి ఒక మాస్టారి జవాబు:

బాగుందమ్మా. కానీ ఒక అడ్డు ప్రశ్న. ఎడ్లబండిలోనూ మనిషి కూర్చుంటాడుగా? "వడ్రంగి బండి చేశాడు" అంటాం, "కట్టాడు" అనం. నీ సూత్రం అక్కడ నిలబడదు.

*

నా జవాబు:

మాస్టారూ, నేనూ అక్కడే ఆగాను. బండి విషయంలో ఆ క్రియను ఎడ్లు ముందే తీసేసుకున్నాయి. "బండి కట్టరా" అంటే కాడికి ఎడ్లను పూన్చమని. వడ్రంగి కూడా బండి కడితే వినేవాడికి తికమక, అందుకే ఆయనకు ‘చేయడం’ మిగిలింది. అదే బండి మీది గూడు దగ్గరికి వస్తే మళ్ళీ ‘కట్టడమే’. పైగా ఎడ్లబండి మీద కూర్చుంటాం, గూట్లో కూర్చుంటాం. ఆ ‘మీద’, ‘లో’ తేడాను కూడా చూడమని మనవి.

*

వరంగల్ నుంచి ఒక సభ్యుడు:

అక్కా, మా దిక్కు గూడుబండి అనరు, కచ్చురం అంటరు. పెండ్లిళ్ళకు, జాతర్లకు కచ్చురం కట్టుకొని పోయేటోళ్ళు. మా తాత బస్సు కథలు శానా చెప్పెటోడు. నిజాం రైల్వే వాళ్ళు 1932 జూన్ల 27 బస్సులతోటి, 166 మందితోటి రోడ్డు రవాణా షురూ చేసిన్రు. అండ్ల స్కాట్లాండు నుంచి తెప్పించిన ఆల్బియన్ బండ్లుండె. గని మా తాత నోట కచ్చురం బస్సు దాక రాలే. ఆయనకు బస్సుకున్నది ఎప్పటికీ బాడీనే. ‘కట్టిన్రు’ అని మాత్రం ఆయన కూడా అనేటోడు.

*

నా జవాబు:

తమ్ముడూ, కచ్చురం మాట ఇక్కడ ఎక్కించినందుకు చాలా సంతోషం. మాట వేరైనా క్రియ ఒకటే అవడం చూశావా! తమిళంలోనూ అంతే. నామక్కల్లులో లారీకి ‘బాడి కట్టుతారు’, ఇల్లూ ‘కట్టుతారు’. ఇంగ్లీషు వాళ్ళకు మాత్రం ఈ పని గుర్రపుబండి నుంచి వచ్చింది, అందుకే ఆ పనివాణ్ణి ‘కోచ్ బిల్డర్’ అన్నారు. మద్రాసులో సింప్సన్ కంపెనీ 1840లో మొదలైంది కోచ్‌ల పనితోనే. వాళ్ళు గుర్రపుబండి మాటను మోటారు దాకా తెచ్చుకున్నట్టే మన వడ్రంగులు గూడుబండి మాటను తెచ్చుకున్నారు.

*

ఒక సభ్యురాలు:

అక్కయ్యా, యుద్ధం రోజుల బొగ్గు బస్సు ఫోటో మా ఇంట్లో ఒకటుంది. పెట్రోలు కరువై వెనక బొగ్గు పొయ్యి తగిలించినది. మా అమ్మ దాన్ని "పొయ్యి కట్టిన బస్సు" అనేది. అది మీ లెక్కలో ఎక్కడికి వస్తుంది? పొయ్యిలో ఎవరూ కూర్చోరుగా!

*

నా జవాబు:

అక్కడ ‘కట్టు’ పాత అర్థంలోనే ఉన్నట్టుంది చెల్లీ, బిగించి కట్టడం. వీలైతే ఆ ఫోటో ఇక్కడ పెట్టు. పొయ్యిని పట్టీలతో బిగించారో, బోల్టులతోనో చూద్దాం.

మీరంతా ఇన్ని అడిగాక రాత్రి రెండో ఫోటోను మళ్ళీ భూతద్దం కింద పెట్టాను. "బాడి కట్టిన తర్వాత" కింద ఇంకో వరస ఉంది, సగం చెరిగిపోయింది. ఇన్నేళ్ళూ దాన్ని గీత అనుకున్నాను. "కట్టుబడి బాకీ" అని ఉంది, పక్కన అంకెలు అరిగిపోయాయి. గోడకూ మేడకూ వాడే ‘కట్టుబడి’ని ఆయన బస్సుకే రాసుకున్నారు. మాస్టారూ, మీకు కోపం రాకపోతే దీన్ని నా పక్షాన రాసుకుంటున్నాను.